నొక్కినవాడే మనిషి

సోమవారం. గాలి తూర్పు నుంచి. అల నడుమెత్తు.

సముద్రం మీద తేలే మా ఊరు పెద్దతెప్పలో ఈమెయిల్ చిరునామాల కంప్యూటర్ కోడు చూసేది నేనొక్కదాన్నే కాబట్టి ఈ దినచర్య రాసేదీ నేనే. పేరు దాలమ్మ. కోడులో ఒక్క గీత మారినా ఎందుకు మారిందో రాసి పెట్టాలన్నది ఇక్కడి నియమం. ఈ వారం మార్చింది నేను కాదు, గట్టు మీది ఆఫీసువాళ్ళు. అయినా రాస్తున్నాను, ఒళ్ళు మండిపోతోంది కనక.

పొద్దున్నే సోలారు పలకల మీద పట్టిన ఉప్పు తుడిచి, మంచినీళ్ళ యంత్రానికి వడపోత గుడ్డ మార్చి, ఎండుచేప నంజుకుంటూ గంజి తాగి కూర్చునేసరికి గట్టు నుంచి కొత్త అర్జీ ఫారం తెర మీదికి దిగి ఉంది. శనివారం ఓడ వస్తుంది. తుఫాన్ల నెల మొదలయ్యేలోగా తెప్పల మీద ఉన్నవాళ్ళందరినీ ఎక్కించుకుని కొండ మీదికి చేరుస్తారు. ఇక్కడి లంగరు గొలుసులన్నీ తుప్పుపట్టి ఉన్నాయి. పోయిన ఏడు మొగలి తెప్ప గొలుసు తెగినప్పుడు సగం మంది నీళ్ళల్లో కలిసిపోయారు. కాబట్టి ఓడ ఎందుకు ఎక్కాలో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అర్జీలో మనిషి తన ఈమెయిల్ చిరునామా వేయాలి. అది చెల్లితే చోటు. సరే, అందరికంటే ముందు నాదే వేశాను. దాలమ్మ@పెద్దతెప్ప. ఎర్రటి అక్షరాలతో ‘చెల్లని చిరునామా’ అని వచ్చింది. పెద్దతెప్పలో ఇంకో పదిమందివి వేశాను. అవీ అంతే. కోడు తెరిచి చూస్తే, ఆ గుండ్రటి గుర్తు తర్వాత వచ్చే పేరులో ఒక చుక్క ఉండి తీరాలట. గట్టు మీద అందరికీ ఉంటుందట. మా తెప్పల పేర్లలో చుక్క ఏనాడూ లేదు.

రేడియోలో గట్టు ఆఫీసుని పట్టుకున్నాను. కోడు రాసింది విద్యాధర్ అనే కుర్రాడు. మర్యాదస్తుడే.

“చుక్క లేకపోతే అది చిరునామా కిందకి రాదండీ దాలమ్మగారూ.”

“మరి ఇన్నేళ్ళూ మాకు ఉత్తరాలు ఎలా వచ్చాయి బాబూ? చేపలు మోసుకొచ్చాయా?”

“రావడం వేరండీ, చెల్లడం వేరు.”

ఇలాంటి మాట మొహం మీద అన్నవాణ్ణి ఏమనాలో నాకు తెలుసు. కానీ ఓడ వాళ్ళది. కోపం మింగేసి, చుక్క నియమం తీసేయమని మూడుసార్లు బతిమాలాను. పై అధికారిని అడిగి చెబుతానన్నాడు.

మంగళవారం. గాలి అంతే. నీళ్ళు ముదురు రంగు తిరిగాయి.

చుక్క తీసేశారు. పండగ చేసుకుందామనుకునేలోపు దాని స్థానంలో ఇంకోటి పెట్టారు. ఇప్పుడు చిరునామాలో ఏ తెప్ప పేరుంటే ఆ తెప్ప తపాలా యంత్రాన్ని కోడు పలకరిస్తుంది. యంత్రం బదులిస్తేనే ఆ చిరునామా చెల్లుతుంది. వినడానికి బాగానే ఉంది. పెద్దతెప్ప చెల్లింది, నాకు చోటు వచ్చింది. మిగతా తెప్పలన్నీ చెల్లాయి. మొగలి ఒక్కటే చెల్లలేదు. మొగలి యంత్రం సముద్రం అడుగున ఉంది మరి, ఎలా బదులిస్తుంది?

మొగలిలో బతికి బయటపడ్డవాళ్ళు యాభై ఎనిమిది మంది. పక్కనున్న చుక్కాని తెప్ప వాళ్ళు వాళ్ళని ఎక్కించుకుని చోటిచ్చారు. ఆ యాభై ఎనిమిది మందిలో మా అత్త ఎర్రమ్మ ఉంది. అమ్మానాన్నల మొహాలు నాకు గుర్తు లేవు. నన్ను పెంచింది అత్తే.

మధ్యాహ్నం పడవేసుకుని చుక్కానికి వెళ్ళాను. అత్త వల కుడుతోంది. తల ఎత్తకుండానే, “సిక్కిపోనావేటే, గట్టోల్లు నీ రకతం తాగుతన్నారా?” అంది.

“అత్తా, మీరంతా చుక్కాని పేరు మీద కొత్త చిరునామా తీసుకోండి. ఒక్క పూట పని. నాను సేసెడతాను.”

“ఏల?”

“మొగలి నేదు కదా.”

సూది ఆపింది. “నేకపోడవేటి? మాము నేమా? ఆ పేరు మీద మీ మావకి ఇప్పటికీ ఉత్తరాలొస్తన్నాయి, తెలుసా? ఎక్కడో ఉన్న నేస్తాలకి ఆయన పోనాడని తెల్దు. గవరయ్య సదువుతాడు, నానింటాను. పేరు మార్సీసుకుంటే అయి ఎవులింటారు?”

మా సముద్రం మీద పద్ధతి ఇది. తెప్ప మునిగినా దాని పేరు ముంచరు. పక్క తెప్ప వాళ్ళు ఆ పేరు మీద వచ్చే ఉత్తరాలు అందుకుంటారు, బతికున్నవాళ్ళవీ, పోయినవాళ్ళవీ. చుక్కాని మీద ఈ పని గవరయ్యది. సముద్రంలోంచి వచ్చినవాళ్ళ దగ్గర ఫోన్లు లేవు, ఉన్న కరెంటు ఒక్క యంత్రానికే చాలుతుంది. రోజూ సాయంత్రం ఆయన ఉత్తరాలు ఒక్కొక్కటే తెరిచి, మైకులో మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా చదువుతాడు. ఎవరిదో వాళ్ళు చెయ్యెత్తి ‘అందింది’ అని కేకేస్తారు. కేక వినిపించేదాకా రెండో ఉత్తరం ముట్టుకోడు.

అత్తతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. నేను వాదించాల్సింది గట్టుతోనని తేల్చుకుని వెనక్కి వచ్చాను.

బుధవారం. గాలి పడిపోయింది. ఉక్క.

ఇవాళ గెలిచాను.

విద్యాధర్‌తో గంటసేపు మాట్లాడాను. “బాబూ, మీరు చిరునామాని ఎంతసేపు తిప్పి తిప్పి చూసినా దాని వెనక మనిషి ఉన్నదీ లేనిదీ తెలియదు. చుక్క ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి? యంత్రం పలికితే ఏమిటి? ఈ ఆకారాలు చూడ్డం మానేయండి. ఆ చిరునామాకి ఒక ఉత్తరం వేయండి. ఉత్తరంలో ఒక మీట పెట్టండి. మనిషి ఉంటే నొక్కుతాడు. నొక్కితే ఉన్నట్టు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?”

అవతల నవ్వాడు. “ఇంత సులువైన సంగతి మాకు తట్టలేదండీ. నొక్కినవాడే మనిషి. ఇదే రాసేస్తాను.”

రాశాడు. మంచి కోడు. నియమాలన్నీ కొట్టేసి ఒక్కటి మిగిల్చాడు. నేనూ చూశాను, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నాకొచ్చిన ఉత్తరంలో మీట నేనే ముందు నొక్కాను. తిరిగి వెళ్ళే పడవలవాళ్ళ చేత అన్ని తెప్పలకీ కబురు పంపాను, గట్టు నుంచి ఉత్తరం వస్తుంది, అందులో మీట ఉంటుంది, నొక్కండి, నొక్కకపోతే చోటు పోతుంది అని.

పొద్దు గుంకే వేళకి తెర మీద మొగలి వాళ్ళ పేర్లు పచ్చబడ్డం మొదలైంది. ఒకటి తర్వాత ఒకటి. ఎర్రమ్మ@మొగలి పచ్చబడ్డప్పుడు నేను గట్టిగా కేక పెట్టాను, పక్క గదిలో వంట చేస్తున్న ఆవిడ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. యాభై ఎనిమిదికి యాభై ఎనిమిదీ చెల్లాయి. సంతోషానికి ఏడుపొచ్చింది. ఇవాళ రెండు ఎండుచేపలు తిన్నాను.

గురువారం. ఆగ్నేయం నుంచి మబ్బు.

చోట్ల పట్టిక వచ్చింది. పెద్దతెప్ప సరిపోయింది. చుక్కాని సరిపోయింది. మొగలి దగ్గర ఒక్క చోటు కూడా లేదు. యాభై ఎనిమిది పేర్లూ చుక్కానిలో ఉన్న ఒక మనిషి పేరు కింద గుదిగుచ్చి ఉన్నాయి. ఆ మనిషి గవరయ్య.

అర్థం కావడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. గట్టు నుంచి యాభై ఎనిమిది ఉత్తరాలు వచ్చాయి. గవరయ్య ఎప్పటిలాగే ఒక్కొక్కటి తెరిచాడు. మొదటి నుంచి చివరిదాకా మైకులో చదివాడు. చివర్న ‘ఇక్కడ నొక్కండి’ అని ఉంది. ఉత్తరం ఎవరిదో వాళ్ళు అందిందని కేకేశారు. ఆయన నొక్కాడు. వాళ్ళ పని వాళ్ళ తరఫున చేసిపెట్టడమే కదా ఆయన పని. మీటకి బొటనవేలి గుర్తు తీసుకునే శక్తి ఉంది. యాభై ఎనిమిదిసార్లూ ఒకే వేలు. కోడు చెప్పినట్టే చేసింది. నొక్కినవాడు ఒకడు, కాబట్టి మనిషి ఒకడు.

మునిగిన తెప్పల ఉత్తరాలు ఎలా చదువుతారో చిన్నప్పటి నుంచీ ఎరిగినదాన్ని నేను. మొన్ననే ఈ చేత్తోనే ఇక్కడ రాశాను కూడా. అయినా తట్టలేదు. నా బుద్ధి ఎక్కడ గడ్డి తిందో నాకే తెలియదు.

విద్యాధర్‌ని పట్టుకున్నాను. జరిగిందంతా చెప్పాను. నమ్మాడు. నమ్మడమే ఘోరంగా ఉంది.

“మీరు చెప్పేది నిజమేనని నాకు తెలుస్తోందండీ. కానీ ఒకసారి నొక్కిన ఉత్తరం మళ్ళీ పనిచేయదు. ఓడలో మంచాలు, బియ్యం అన్నీ ఆ పట్టిక ప్రకారమే ఎక్కించేశారు.”

“అప్పీలు పెడతాను. దారి చెప్పండి.”

“అప్పీలు చెల్లని చిరునామాలకేనండీ.” గొంతు తగ్గించాడు. “మీవాళ్ళవి చెల్లాయి.”

“చెల్లాయా! చెల్లితే ఓడ ఎక్కించండి మరి!”

“దాలమ్మగారూ, తుఫాన్లు తగ్గాక రెండో ఓడ ఉంది. అప్పటికి కోడు సరిచేస్తాను, నా మాట నమ్మండి.”

తుఫాన్లు తగ్గాక ఎవరి కోసం పంపుతావురా నాయనా అని అడిగాను. చుక్క నియమం ఉండగా పోరాడకుండా ఊరుకున్నా బాగుండేది. అందరం చెల్లకపోదుము, అందరికీ అప్పీలు ఉండును.

శుక్రవారం. గాలి పెరిగింది. అల మనిషెత్తు.

నా చేతిలో ఉన్నవన్నీ చేసి చూశాను. ఉత్తరాలు మళ్ళీ పంపబోతే ‘ఇదివరకే ధ్రువపడినది’ అంటుంది. పేర్లు విడదీయబోతే నాకు ఆ అధికారం లేదంటుంది. నా చోటు అత్త పేరున రాయబోతే, అత్త పేరు వేరే మనిషిదంటుంది. కీబోర్డు విసిరికొట్టి చుక్కానికి వెళ్ళాను.

గవరయ్య మైకు కింద చతికిలబడి ఉన్నాడు. ముసలాయన కాదు, కానీ ఒక్క రోజులో అలా అయిపోయాడు.

“ఒక్కటీ ఒగ్గనేదమ్మా,” అన్నాడు. “పొద్దు ములిగిపోతాదని, మాపటికి కరెంటు పోతాదని బేగి బేగి నొక్కీసినాను. ఆల్ల చోటు పోకూడదని నొక్కీసినాను. నా ఏలు నరికీసినా నా పాపం పోదు.”

“నీ పాపమేటి చిన్నాన్నా? ఉత్తరం ఎయ్యమన్నది నాను.”

“ఇద్దరూ ఏడుపాపండి!” అని వెనక నుంచి అత్త అరిచింది. “పాపం, పాపం అని ఒకటే గోల! ఉన్నది ఒక చోటు. అదెవులికో సెప్పండి బేగి.”

ఉన్నది ఒక చోటంటే గవరయ్యది. ఓడ గేటు దగ్గర మనుషులు ఉండరు. కాపలా మనిషిని పెడితే జనం ఏడ్చి కాళ్ళ మీద పడతారని, ఆ మనిషి కరిగిపోతాడని, తీసేశారు. వేలు పెడితే తిరుగుడు తలుపు ఒక్కసారి తిరుగుతుంది, అందులో ఒక్క మనిషికే చోటు. ఎవరి మొహమూ అది చూడదు. కాబట్టి గవరయ్య వేలు పెట్టి ఇంకొకరిని లోపలికి పంపొచ్చు. ఈ ఆలోచన ఆయనదే. తాను వెళ్ళనన్నాడు, ఎంతమంది చెప్పినా వినలేదు.

ఎవరిని పంపాలన్నదానికి పెద్ద మాటలేం కాలేదు. సీతాలుకి నాలుగు నెలల పసిపాప ఉంది. మొగుడు మొగలితోపాటే పోయాడు. పిల్లని గుడ్డతో గుండెకి కట్టుకుంటే తలుపుకి ఇద్దరూ ఒకటే. అందరూ ఆ పిల్ల వైపే చూశారు. సీతాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, వద్దని మాత్రం అనలేదు. అనకూడదు కూడా.

అత్త నా మూట సర్దింది. కొండ మీద చలి ఉంటుందని తన దుప్పటి కూడా అందులో పెట్టింది. నేను వద్దన్నాను. “నోరుమూసుకోయే, నీకు తెల్దు,” అంది.

శనివారం. తెల్లవారుతూనే వాన.

ఓడ వచ్చింది. ఎంత పెద్దదో. ఇంకో యాభై ఎనిమిది మంది అందులో ఎక్కితే దానికి తెలిసేది కూడా కాదు.

తెప్పల వాళ్ళంతా పడవల్లో వచ్చి వరసలో నిలబడ్డారు. మొగలి వాళ్ళు కూడా వచ్చారు, సాగనంపడానికి. గవరయ్య వంతు వచ్చింది. వేలు పెట్టాడు. గేటు పేర్లు చదవడం మొదలెట్టింది. ఎక్కేవాళ్ళ పేర్లు పైకి చదువుతుంది అది. ముందు గవరయ్య, తర్వాత యాభై ఎనిమిది మందివీ. ఎర్రమ్మ అంది, బంగారి అంది, సీతాలు అంది. పేరు వినబడ్డవాళ్ళు వానలో తడుస్తూ అలా నిలబడి విన్నారు. అన్నీ చదివి, స్వాగతం అని చెప్పి, ఒక్కసారి తిరిగింది. సీతాలు పాపతో లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి చూడ్డానికి తలుపు ఆగలేదు.

నా వెనక ఇంకా చాలామంది ఉన్నారు. అత్త నా పక్కనే నిలబడి నా జుట్టు మీద వాన తుడుస్తోంది, తుడిచేకొద్దీ తడుస్తున్నా.

“ఎల్లగానే వేన్నీల్లు తాగు. ఆ గట్టు కుర్రోడితో తగువెట్టుకోకు. ఆడు సెడ్డోడు కాదు.”

“అలగే. ఈ మూట అట్టు, నాను ఏలు పెట్టాలి.”

మూట పట్టుకుంది. నేను వేలు పెట్టాను. దాలమ్మ అంది గేటు. తలుపు కదిలింది. అత్త రెండు భుజాలు పట్టుకుని, మూటతో సహా, నాకున్న బలమంతా పెట్టి లోపలికి తోశాను.

మనిషి పడబోయి నిలదొక్కుకుంది. వెనక్కి తిరిగి అద్దం మీద రెండు చేతులతో బాదింది. ఏమందో వినబడలేదు, కానీ ఆ నోటి తీరు నాకు తెలుసు, నా చిన్నప్పుడు తెప్ప అంచు మీద నుంచి దూకినప్పుడల్లా తిట్టిన తిట్లే. తలుపు తిరిగి అవతలికి తీసుకుపోయింది. నా వెనకనున్న ఆయన, “నువ్వు తప్పుకోమ్మా,” అన్నాడు. తప్పుకున్నాను.

చేసిందానికి నాకు చింత లేదు. భయం మాత్రం ఉంది.

ఆదివారం. చుక్కాని తెప్ప. గాలి చెప్పనలవి కాదు.

మొగలి వాళ్ళతోనే ఉన్నాను. పొద్దుటి నుంచి గొలుసుకి మోకులు కలిపి కడుతున్నాం. చేతులు బొబ్బలెక్కాయి.

మధ్యాహ్నం రేడియో మోగింది. గవరయ్య పేరు మీద అన్ని పేర్లున్నాయి కాబట్టి గట్టువాళ్ళు ఆయన్నే పిలిచారు. ఆయన గొలుసు దగ్గరున్నాడు. రేడియో నేను తీశాను, మాట్లాడలేదు. అవతల విద్యాధర్.

“గవరయ్యగారూ, ఇక్కడ ఒకావిడ ఉన్నారు. పట్టిక ప్రకారం దాలమ్మగారు. వేలి గుర్తు కలవడం లేదు. ఆవిడేమో ఎర్రమ్మనంటున్నారు. ఎర్రమ్మ అని కొడితే మీ పేరు వస్తోంది. గుర్తు కలవనివాళ్ళకి ఇక్కడ పడకా ఇవ్వరు, కంచమూ ఇవ్వరు. నిన్నటి నుంచి వాన కిందే కూర్చోబెట్టారు.”

వెనకాల అత్త గొంతు. “నాను దాలమ్మని కాదు! ఆ ముండ నన్ను తోసీసింది! దాన్ని తెచ్చీండి! ఓడ ఎనక్కి తిప్పండి, నానెల్లి దాన్ని తెచ్చీసుకుంటాను!” అంటోంది. ఆ తర్వాత ఏడుపు. నా బతుకులో అత్త ఏడవడం నేను వినలేదు, మావయ్య పోయిన రోజు కూడా.

“ఎరిగినవాళ్ళు ఎవరైనా ఈవిడే దాలమ్మ అని చెబితే,” అన్నాడు విద్యాధర్, “ఈవిడ వేలి గుర్తు ఆ పేరు మీద వేసేస్తాను. ఒకసారి వేస్తే మార్చడం కుదరదు. రెండో ఓడకి ఆ పేరుతో ఇంకెవరూ ఎక్కలేరు. అది కూడా చెప్పాలి కదండీ మీకు.”

మోకు పట్టుకున్నవాళ్ళు నావైపు చూస్తున్నారు. గొలుసు కిర్రుమంటోంది.

“ఆవిడే దాలమ్మ,” అన్నాను.

వారం రోజులుగా నాతో తగువులు పడ్డ మనిషి, నా గొంతు ఎరగడా?

“మరి,” అన్నాడు మెల్లిగా, “నాతో ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరండీ?”

“ఎవరో ఒకరు లెండి. ముందు ఆవిడకి అన్నం పెట్టండి,” అని రేడియో కట్టేశాను.